ఆరు రోజులు బండి, ఏడోనాడు ఇల్లు

బండిని ఇల్లు చేసుకోవడం మనవాళ్ళకు కొత్త విద్య కాదు. వారమంతా చేలోకి పెంట తోలిన ఎడ్లబండినే, తీర్థం దగ్గర పడేసరికి కడిగి, వెదురుబద్దలు వంచి, పైన చాప కప్పి, అడుగున వరిగడ్డి పరిచి దానిమీద జంపఖానా వేస్తే గూడుబండి అయిపోయేది. పిల్లలూ ముసలివాళ్ళూ అందులోనే పడుకునేవారు. ఊరికి తిరిగి రాగానే గూడు విప్పి చావిట్లో పెడితే, మర్నాడు బండి మళ్ళీ పొలానికి. కిటుకంతా ఈ విప్పడంలోనే ఉన్నది. గూడును మేకులతో బిగించేస్తే అది షోకు బండి అవుతుందేమో గాని, వ్యవసాయం సాగదు కదా!

ఈ సంగతే జర్మనీవాళ్ళు మరో విధంగా కనిపెట్టారు. ఫోక్స్‌వాగన్ కంపెనీ 1950లో సరుకులు మోసే వ్యాను తయారుచేయడం మొదలుపెట్టింది. మరుసటి ఏడే వెస్ట్‌ఫాలియా అనే సంస్థ - 1844లో కమ్మరి కొలిమిగా పుట్టిన సంస్థ అది - ఆ వ్యానుకోసం 'క్యాంపింగ్ బాక్స్' అని ఒక సామాను చేసింది. చూడడానికి బీరువా, విప్పితే పడక. సెలవు వస్తే వ్యానులో పెట్టుకోవడం, సోమవారం దింపేసి సరుకు వేసుకోవడం. యుద్ధంలో చితికిపోయిన దేశంలో చిన్న వర్తకుడికి పనికొక బండీ, షికారుకొక బండీ ఎక్కడినుంచి వస్తాయి?

మా బావమరిదిదీ అదే అవస్థ. అతను భీమవరం ప్రాంతంలో రొయ్యల చెరువుల మీద ఏరేటర్ మోటార్లు బాగుచేస్తాడు. ఏరేటరంటే చెరువు నీటిని చిలికి, అందులో గాలి కలిపే చక్రాలు. తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు బాగా తగ్గిపోతుంది. ఆ వేళ చక్రాలు ఆగితే కొన్ని గంటల్లోనే రొయ్యలు చచ్చిపోతాయి, వాటితోపాటు రైతు నెలల తరబడి పెట్టిన డబ్బూ పోతుంది. అంచేత ఇతని వ్యాను ఏ అర్ధరాత్రయినా మోటారు ఎక్కించుకొని కదలవలసిందే.

ఇక మా అత్తగారికి డెబ్బయ్యారేళ్ళు, మోకాళ్ళు పట్టేశాయి. అంతర్వేది కల్యాణం, మర్నాడు భీష్మ ఏకాదశి రథోత్సవం మరొక్కసారి చూడాలని ఆవిడ కోరిక. చిన్నప్పుడు తండ్రితో గూడుబండిలో వెళ్ళారట. బస్సు ఎక్కలేరు. ఆ రెండు రోజులూ అక్కడ గది దొరకడం కష్టం.

"బావగారూ, మన వ్యానులో పడక వేస్తే?" అన్నాడు అతను.

"వెయ్యడం సులువేనోయ్, తియ్యడం ఆలోచించు" అన్నాను. పద్యానికి అర్థం చెప్పుకొనే నాకు వడ్రంగంతో ఏమిటి పని అంటారేమో. కొలతలు రాసే ఉద్యోగం నాది.

సీటు పీకకూడదు, బండికి చిల్లు పెట్టకూడదు అని ముందే నిశ్చయించుకున్నాం. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, కంపెనీ ఇచ్చిన రూపాన్ని యజమాని తన ఇష్టంవచ్చినట్లు మార్చడాన్ని ఒప్పుకోదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. వెనుక సీటు వీపు ముందుకు వాలుతుంది. ఆ వాలిన వీపుతో సమానమైన ఎత్తుకు రెండు చెక్కపెట్టెలు చేయించాం. వాటిమీద మూడు బల్లలు, మూడు ముక్కల కొబ్బరిపీచు పరుపు. ఏ ముక్కయినా ఒక్క మనిషి ఎత్తగలిగి ఉండాలి. మా వడ్రంగి మందపు చెక్కతో చేస్తానంటే అందుకే వద్దన్నాం. పెట్టెలు కదలకుండా, సరుకు కట్టే కొక్కేలకే లారీవాళ్ళ బెల్టులు వేసి బిగించాం. కిటికీలకు అయస్కాంతాలతో అంటుకునే దోమతెరలు. పడక బండి ఆగినప్పుడే. నడిచేటప్పుడు అందరూ సీట్లలో బెల్టు పెట్టుకొని కూర్చోవలసిందే.

దీపం, ఫంకా లెక్క బావమరిదిది. రెండూ కలిపి ఇరవై అయిదు వాట్లు. పన్నెండు వోల్టుల మీద సుమారు రెండు ఆంపియర్లు. ఎనిమిది గంటలకు పదిహేడు ఆంపియర్-గంటలు. ఈ రకం బ్యాటరీని సగానికి మించి వాడితే త్వరగా పాడవుతుంది కనుక నలభైది విడిగా పెట్టాడు, దాని పక్కనే ఫ్యూజు. ఇంజను బ్యాటరీ జోలికి వెళ్ళలేదు. లేకపోతే తెల్లారి బండి కదలదు. పొయ్యి మాత్రం బయటే. మూసిన బండిలో మంట పెడితే ఆ విషవాయువుకు వాసన కూడా ఉండదు. నిద్రలోనే ప్రాణం పోతుంది.

ప్రయాణానికి వారం ముందు, పరీక్షగా ఒక రాత్రి అత్తగారిని ఇంటి ముందే వ్యానులో పడుకోబెట్టాం. రెండు గంటలకు చెరువు గట్టు నుంచి ఫోను. ఆవిడను చెయ్యిపట్టి దింపి వాకిట్లో కుర్చీ వేశాం. నేను గడియారం చూస్తూనే ఉన్నాను: బెల్టులు, పరుపు, బల్లలు, పెట్టెలు, బ్యాటరీ, అన్నీ అరుగు మీదికి చేరడానికి పదకొండు నిమిషాలు. మోటారు ఎక్కింది, బండి వెళ్ళిపోయింది.

"మా నాన్న గూడు విప్పడానికి ఇంతకు రెండింతలు పట్టేది" అన్నారు అత్తగారు దుప్పటి కప్పుకుంటూ.

తెల్లవారేలోగా చెరువులో చక్రం తిరిగిందని అతను వచ్చి చెప్పేవరకూ ఆవిడ కుర్చీలోంచి లేవలేదు.

ప్రయాణం రెండు రోజులకూ ఫోన్లు అందుకోవడానికి మరో మెకానిక్కును ఒప్పించి, చించినాడ వంతెన మీదుగా వెళ్ళాం. జనం మూలాన బండి దూరాన ఆపవలసి వచ్చింది. మధ్యలో రెండుచోట్ల కూర్చోబెట్టి రథం దాకా నడిపించాం. ఆ రాత్రి వ్యానులో ఆవిడ బాగానే నిద్రపోయారు గాని, గ్రీజు వాసన మాత్రం కర్పూరానికీ లొంగలేదు.

తిరిగి వచ్చాక పెట్టెలు అటకెక్కాయి. ఎక్కడానికి చేయించిన పీటను మాత్రం అత్తగారు దింపనివ్వలేదు. శివరాత్రికి పాలకొల్లు ఎంత దూరమని కొడుకును అడుగుతున్నారు.