మాస్టారి మాట అమ్మకు చేరేదెలా?
కొరియాలో పరదేశి ఇంగ్లీషు పంతుళ్ళ అవస్థ

పెనుకొండ దగ్గర కియా కర్మాగారంలో 2019లో కార్ల తయారీ మొదలైన తర్వాత దక్షిణ కొరియా పేరు మన పల్లెలకు కొత్త కాదు. కార్లు, ఫోన్లు లోకమంతటికీ అమ్మే ఆ దేశం ఇంగ్లీషు దగ్గరకు వచ్చేసరికి మాత్రం మనలాగే తంటాలు పడుతోంది. పిల్లలకు ఇంగ్లీషు నేర్పేందుకు కొరియా వాళ్ళు పరదేశాల నుంచి పంతుళ్ళను పిలిపించుకున్నారు. అక్కడే ఒక చిక్కు వచ్చింది. పంతుళ్ళలో చాలామందికి కొరియా భాష రాదు. తల్లులలో చాలామందికి ఇంగ్లీషులో మాట్లాడే ధైర్యం లేదు. మరి పిల్లవాడి చదువు ఎట్లా సాగుతోందో ఒకరినొకరు అడిగి తెలుసుకునేదెలా?

ఏడు దేశాల పంతుళ్ళు

ప్రభుత్వ బడులకు విదేశీ ఉపాధ్యాయులను రప్పించేందుకు కొరియా ప్రభుత్వం 1995లో ‘ఎపిక్’ అనే పథకం పెట్టింది. 1997 నుంచి మూడో తరగతిలోనే ఇంగ్లీషు మొదలుపెట్టారు. అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఐర్లండ్, దక్షిణాఫ్రికా పౌరులై, డిగ్రీ ఉన్నవారికి ఈ కొలువు దొరుకుతుంది. ఒప్పందం ఏడాదికి ఒకసారి రాసుకుంటారు. తరగతిలో పరదేశి పంతులు పక్కన కొరియా ఉపాధ్యాయుడు కూడా ఉంటాడు.

మన దేశం వారికీ కొంత వీలు కలిగింది. 2010 జనవరి 1న అమల్లోకి వచ్చిన భారత–కొరియా ఆర్థిక ఒప్పందం ప్రకారం, డిగ్రీతో పాటు ఇంగ్లీషు బోధనలో అర్హతా పత్రం ఉన్న భారతీయులు అక్కడి బడుల్లో సహాయక ఉపాధ్యాయులుగా చేరవచ్చు.

విమానాలు ఆపే పరీక్ష

ఇంగ్లీషంటే కొరియా తల్లిదండ్రులకు ఎందుకంత పట్టుదల? కాలేజీ సీటుకు ఏటా నవంబరులో జరిగే ‘సునుంగ్’ పరీక్షే ఇందుకు ప్రధాన కారణం. ఇంగ్లీషు మాటలు విని జవాబు రాసే ఆ అరగంట పైచిలుకు సమయంలో దేశమంతటా విమానాలు ఎక్కవు, దిగవు. చప్పుడుకు పిల్లల చెవి చెదరకూడదని ఈ ఏర్పాటు.

బడి వదలగానే పిల్లలు ‘హగ్వన్’ అనే ట్యూషను కేంద్రాలకు పరుగెత్తుతారు. సియోల్ నగరంలో రాత్రి 10 గంటలకు వీటిని మూసివేయాలని నిబంధన పెట్టవలసి వచ్చిందంటే ఆ పోటీ ఏపాటిదో ఊహించవచ్చు. 1980లో సైనిక ప్రభుత్వం ప్రైవేటు ట్యూషన్లను నిషేధించింది. ఆ నిషేధం చెల్లదని 2000లో రాజ్యాంగ న్యాయస్థానం తీర్పు చెప్పింది. 2024లో కొరియా కుటుంబాలు ప్రైవేటు చదువులకు పెట్టిన ఖర్చు 29 లక్షల 20 వేల కోట్ల వన్‌లని ప్రభుత్వ లెక్క. మన డబ్బులో లక్షా 75 వేల కోట్ల రూపాయల పైమాటే.

ఇంత సొమ్ము పోసిన తల్లి, బిడ్డకు ఏం వచ్చిందని అడగడం న్యాయమే కదా.

మధ్యవర్తి చేతిలో మాట

ట్యూషను కేంద్రాల్లో సాధారణంగా పరదేశి పంతులు పిల్లవాడి గురించి నాలుగు ముక్కలు ఇంగ్లీషులో రాసిస్తాడు. అక్కడి సిబ్బంది వాటిని కొరియా భాషలోకి మార్చి తల్లికి పంపుతారు, లేదా ఫోనులో చెబుతారు. ‘మీవాడు నోరు విప్పడం లేదు’ అని పంతులు రాస్తే, ఆ మాట మెత్తబడి ‘ఇంకాస్త మాట్లాడితే చాలు’ అని చేరవచ్చు. పిల్లవాణ్ణి మాన్పిస్తే రాబడి పోతుంది మరి. బడుల్లోనైతే ఏడాదికి ఒకటి రెండుసార్లు తల్లిదండ్రులను పిలిచి తరగతి చూపిస్తారు. వెనుక నిలబడి చూసి, నమస్కారం పెట్టి వెళ్ళడమే తప్ప మాటామంతీ తక్కువ. ఇంటికి పిలిచి విడిగా పాఠం చెప్పించుకుందామన్నా, ఆ వీసా మీద వచ్చిన పంతులుకు సొంత ట్యూషన్లు నిషిద్ధం.

తెర మీదికి వచ్చిన బడి

సముద్రం అవతల ఉన్న పంతులుతో ఫోనులోనో, కంప్యూటరు తెర మీదనో పాఠం చెప్పించుకోవడం కొరియాలో ఏనాటి నుంచో ఉంది. ముఖ్యంగా ఫిలిప్పీన్స్ ఉపాధ్యాయులు ఇట్లా చెబుతుంటారు. 2010 డిసెంబరులో దేగు నగరంలోని 21 ప్రాథమిక పాఠశాలల్లో 29 మరమనుషులను దింపారు. కోడిగుడ్డు ఆకారంలో, మీటరు ఎత్తున ఉండే ఆ యంత్రాల వెనుక మాట్లాడింది ఫిలిప్పీన్స్‌లో కూర్చున్న ఉపాధ్యాయులు. యంత్రం తెర మీద కనిపించిందేమో తెల్లజాతి స్త్రీ ముఖం.

2020లో కరోనా వచ్చి బడులు మూతపడ్డాయి. ఆ ఏడాది ఏప్రిల్ 9 నుంచి దశలవారీగా కొరియా బడులు ఇంటర్నెట్‌లోనే తెరిచారు. అంతవరకు తరగతి తలుపు అవతల జరిగిన పాఠం వంటింటి పక్క గదిలోకి వచ్చింది. బిడ్డ ఎన్నిసార్లు జవాబిచ్చాడో, ఎక్కడ తడబడ్డాడో, పంతులు ఎంత ఓపిక పట్టాడో పక్కన కూర్చున్న తల్లి కళ్ళారా చూడగలిగింది. ఆ చూపుకు భాషతో పని లేదు.

మన్నన తప్పని అనువాదం

ఇప్పుడు సెల్‌ఫోనే దుబాసీ. కొరియాలో అందరి ఫోన్లలో ఉండే ‘కకావో టాక్’ 2010లో వచ్చింది. ‘నేవర్’ కంపెనీ వారి ‘పపాగో’ అనే అనువాద సాధనం 2016లో వచ్చింది. మనకు ‘నువ్వు’, ‘మీరు’ ఉన్నట్టే కొరియా భాషలోనూ మన్నన మాటలు వేరు. ఉపాధ్యాయుడు విద్యార్థి తల్లిని పేరు పెట్టి పిలవడు. ‘అమ్మగారూ’ అనే అర్థం వచ్చేలా ‘ఒమనిమ్’ అంటాడు. ఇంగ్లీషులో ‘యూ’ అని రాసింది నేరుగా మారిస్తే తల్లికి చిన్నతనంగా తోచవచ్చు. అందుకే పపాగోలో మన్ననతో అనువదించమని కోరేందుకు ప్రత్యేకంగా ఒక మీట పెట్టారు.

హద్దు ఎక్కడ?

దారి దొరికిందని వేళాపాళా లేకుండా తలుపు తడితే ఏమవుతుంది? 2023 జూలైలో సియోల్‌లో ఒక ప్రాథమిక పాఠశాల యువ ఉపాధ్యాయురాలు ఆత్మహత్య చేసుకుంది. ఆమె కొరియా దేశస్థురాలే. తల్లిదండ్రుల ఫిర్యాదుల ఒత్తిడే కారణమని తోటి ఉపాధ్యాయులు ఆరోపించారు. నేరం జరిగినట్టు ఆధారాలు లేవని పోలీసులు తేల్చారు. అయినా ఆ బాధతో వేలాది ఉపాధ్యాయులు వారం వారం వీధుల్లోకి వచ్చారు. అదే ఏడాది సెప్టెంబరులో ఉపాధ్యాయుల రక్షణకు పార్లమెంటు చట్టాలు సవరించింది. పంతులు ఫోను నంబరు బయటపడకుండా, నిర్ణీత వేళల్లోనే సందేశాలు చేరేలా పనిచేసే యాప్‌లు కూడా అక్కడి బడుల్లో వాడుకలో ఉన్నాయి.

పరదేశి పంతులుకు ఈ హద్దు మరీ అవసరం. ఊరు కొత్త, భాష కొత్త, ఒప్పందం ఏడాదికే. తల్లి కోపంగా పెట్టిన సందేశానికి అర్ధరాత్రి యంత్రం చేసిన అనువాదంతో జవాబిస్తే, చిన్న అపార్థం కొలువుకే ఎసరు పెట్టవచ్చు. అలాగని మాటే లేకపోతే నష్టపోయేది పిల్లవాడు. వారానికి ఒకసారి, పగటి వేళ, ‘ఈ వారం ఇది చదివాం, ఇక్కడ తడబడుతున్నాడు, ఇంట్లో ఇది చదివించండి’ అని మూడు ముక్కలు రాసి, కొరియా ఉపాధ్యాయుడికి చూపి పంపితే తల్లికి తృప్తి, పంతులుకు రక్ష.

ఇంగ్లీషు రాదని కాన్వెంటు గుమ్మం దగ్గరే ఆగిపోయే తల్లిదండ్రులు మన ఊళ్ళలోనూ ఉన్నారు. పైగా ఇక్కడ మాస్టారికి మన తెలుగు వచ్చు. అడగడానికి యంత్రం కూడా అక్కరలేదు.