అర్జెంటీనా ప్రజలు: ఓడలు దిగినవారును, అంతకు ముందున్నవారును

1920వ సంవత్సరము ఆగస్టు 27వ తేదీ రాత్రి, బ్యూనస్ ఐరిస్ నగరములోని కొలిసియో నాటకశాల మిద్దెపై ఒక వైద్యుడును, అతని మిత్రులు ముగ్గురును చిన్న ప్రసారయంత్రము నొకదానిని అమర్చుకొని, క్రింద జరుగుచున్న సంగీతనాటకమును గాలిలోనికి పంపినారు. ఆ నాటకము వాగ్నర్ రచించిన 'పార్సిఫల్'. వినుటకు యంత్రము కలవారు ఆ మహానగరమంతటిలో బహు కొద్దిమంది. అయినను, ఇంట కూర్చుండి వినువారికై ఉద్దేశింపబడిన ప్రసారములలో ప్రపంచమున మొదటి వరుసకు చెందినదిగా దీనిని చెప్పుదురు. ఆ నలుగురికి లోకము పెట్టిన పేరు 'మిద్దె మీది పిచ్చివాళ్లు'. రేడియో శ్రోతలమగు మనము అర్జెంటీనా కథను ఈ పిచ్చివాళ్లతో మొదలుపెట్టుట న్యాయమే.

రచన జర్మను దేశీయునిది, విన్నవారు స్పానిషు మాటలాడువారు, వారిలో ఎందరి తల్లిదండ్రులో ఇటలీ నుండి వచ్చినవారు. మరి అర్జెంటీనా ప్రజలనగా ఎవరు? మెక్సికోవారు అజ్టెకుల నుండి, పెరూవారు ఇంకాల నుండి పుట్టినారనియు, తాము మాత్రము ఓడలలో నుండి పుట్టినామనియు అక్కడివారు హాస్యమాడుదురు. హాస్యము బాగున్నది కాని, అందులో సగమే నిజము. తక్కిన సగమును మరపించుటకు ఆ దేశము చాల కాలము శ్రమపడినది.

దేశము పేరే ఒక భ్రాంతి నుండి పుట్టినది. అర్జెంటుమ్ అనగా లాటిను భాషలో వెండి. ఎగువదేశములో వెండికొండ లున్నవని విని స్పానిషువారు ఈ నదీముఖమునకు వెండినది యని పేరు పెట్టినారు. నదిలో ఉన్నది బురదనీరు. 1536లో వారు కట్టిన బ్యూనస్ ఐరిస్ ఆకలికిని, ఆదివాసుల ఎదురుదాడికిని నిలువలేక అయిదేండ్లకే పాడుపడినది. 1580లో మరల కట్టవలసి వచ్చినది. వెండికి బదులుగా ఆ నేల ఇచ్చినది గడ్డి. పాంపా యని పిలువబడు ఆ మైదానమున కనుచూపు మేర కొండగాని, గుట్టగాని కానరాదు. స్పానిషువారు తెచ్చిన ఆవులును, గుఱ్ఱములును అందులోనికి తప్పించుకొనిపోయి, లెక్కకు మిక్కిలిగా పెరిగినవి.

ఆ పశువుల వెంట పెరిగినవాడే గౌచో. స్పానిషు రక్తమును, ఆదివాసి రక్తమును కలిసినవాడు. అతని ఆస్తి ఒక గుఱ్ఱము, నడుమున పెద్దకత్తి, నడుమ చీలిక గల కంబళి. తోలుత్రాళ్ల కొసలకు రాతిగుండ్లు కట్టి విసరి, పరుగెత్తు జంతువు కాళ్లకు చుట్టుకొనునట్లు చేయు విద్యను అతడు ఆదివాసుల నుండి నేర్చినాడు. ఆనాడు విలువ చర్మమునకే గాని మాంసమునకు కాదు. ఆవును కూల్చి, తోలు ఒలిచి, కావలసినంత మాంసము నిప్పుపై కాల్చుకొని, మిగిలినది పక్షులకు వదలిపోవువాడు. మన పల్లెల పశులకాపరికి పశువు ఒకరిది, పొలము ఇంకొకరిది. గౌచోకు రెండును ఎవరివియు కావు.

ఈ స్థితి ఎంతకాలము సాగును? 1810లో స్పెయిను అధికారమును త్రోసి, 1816లో స్వాతంత్ర్యము ప్రకటించినారు. మరుసటి సంవత్సరమే సాన్ మార్టిన్ సేనాని ఆండీస్ పర్వతములు దాటి చిలీని విడిపించుటకు సేనను నడిపినాడు. ఆ యుద్ధములలో గౌచోలు పోరాడి చచ్చినారు. పిమ్మట భూమికి యజమానులు ఏర్పడినారు. యజమాని వద్ద కూలికి కుదిరినట్లు చీటి లేని బీదవాడు దేశదిమ్మరి యని చట్టము చేసినారు. చీటి లేక పట్టుబడినవానిని సరిహద్దు కోటలకు సిపాయిగా పంపుచుండిరి. తరువాత తీగకంచెలు వచ్చినవి. గుఱ్ఱము తిరుగవలసిన చోటు తగ్గినది.

ఈ అన్యాయమునే 1872లో హోసే ఎర్నాందెస్ అను పత్రికారచయిత 'మార్టిన్ ఫియెర్రో' అను కావ్యముగా వ్రాసినాడు. నాయకుడు భార్యాబిడ్డలతో నున్న గౌచో. అతనిని పట్టి సరిహద్దునకు పంపినారు. జీతము లేదు, బట్ట లేదు. తప్పించుకొని వచ్చి చూచుసరికి ఇల్లు పాడుపడినది, ఆలుబిడ్డలు ఎక్కడికో పోయినారు. అతడు హంతకుడై పారిపోవుచుండగా పట్టవచ్చిన పోలీసులలో క్రూజ్ అను సార్జెంటు, ఇంతటి ధైర్యవంతుని చంపనీయనని తన దళమునే ఎదిరించి అతని ప్రక్క నిలిచినాడు. కావ్యము మొత్తములో నాకు మిక్కిలి నచ్చిన ఘట్ట మిది. ఈ పుస్తకము పల్లెటూరి అంగళ్లలో కూడ అమ్ముడుపోయినది. చదువురానివారు చదివించుకొని విన్నారు. 1913లో కవి లుగోనెస్ తన ఉపన్యాసములలో దీనిని జాతీయ ఇతిహాసముగా కీర్తించినాడు. ఎర్నాందెస్ పుట్టిన నవంబరు 10వ తేదీని నేడు సంప్రదాయ దినముగా జరుపుకొందురు. బ్రతికియున్ననాళ్లు తరుమబడిన గౌచో, కంచెలలో అణగిపోయిన పిదప జాతికి ప్రతీకయైనాడు.

ఆదివాసికి ఆ భాగ్యము కూడ దక్కలేదు. 1878 మొదలు 1885 వరకు రోకా సేనాని ఆధిపత్యమున దక్షిణ భూములపై నడచిన దండయాత్రకు 'ఎడారి విజయము' అని పేరు పెట్టినారు. అది ఎడారి కాదు. మపూచే, తెహుయెల్చె, రాంకెల్ జాతులవారు అందు నివసించుచుండిరి. ఓడినవారి కుటుంబములను విడదీసి, స్త్రీలను, పిల్లలను నగరపు ఇండ్లలో పనివారిగా పంచిపెట్టినారు. ఇనకాయల్ అను తెహుయెల్చె నాయకుని లా ప్లాటా నగరపు వస్తుప్రదర్శనశాలలో ఉంచినారు. 1888లో అతడక్కడనే మరణించినాడు. అటుపిమ్మట అతని ఎముకలను కూడ ప్రదర్శనవస్తువులలో చేర్చినారు. 1994లో గాని అవి అతని వారి నేలయైన తెక్కాకు తిరిగి చేరలేదు.

ఇట్లు ఖాళీ చేయబడిన దేశమును నింపుటకే ఓడలు వచ్చినవి. ఐరోపా వలసను ప్రోత్సహింపవలెనని 1853 నాటి రాజ్యాంగమే ఆదేశించినది. 1869లో సుమారు 18 లక్షలున్న జనాభా 1914 నాటికి 79 లక్షలకు చేరినది. వారిలో పదిమందికి ముగ్గురు పరదేశమున పుట్టినవారు. ఇటలీవారును, స్పెయినువారును ఎక్కువ. వేల్సు రైతులు, రష్యా యూదులు, సిరియా లెబనాను వర్తకులు కూడ వచ్చినారు. 1871లో పచ్చజ్వరము వ్యాపించగా ధనికులు విడిచిపోయిన పాతమేడలలో, ఒక్కొక్క గదికి ఒక్కొక్క కుటుంబము చొప్పున వీరు కాపురమున్నారు. నడుమ ఉమ్మడి వాకిలి, ఒకే నీటితొట్టి. అట్టి పేటల వీధులలోనే టాంగో పుట్టినది. దాని తాళములో ఆఫ్రికా నుండి తేబడిన బానిసల మద్దెల గతి కలదు. దాని ముఖ్యవాద్యమైన బండోనియన్ జర్మనీలో చేయబడినది. మాటలలో ఇటలీ యాస. పదునెనిమిదవ శతాబ్దాంతమున బ్యూనస్ ఐరిస్ జనములో సుమారు మూడింట ఒక వంతు ఆఫ్రికా సంతతివారే. వారి సంగతియు తరువాతి కథలో అణగిపోయినది.

గమనింపదగినదేమనగా, ఓడ దిగినవారందరును పట్టుకొన్న అలవాటు ఆదివాసులదే. మాతే యను ఆకును గ్వరానీ జాతివారు త్రాగుచుండిరి. సొరబుఱ్ఱలో పొడి ఆకు నింపి, మరుగనీయక కాచిన నీళ్లు పోసి, లోహపు గొట్టముతో పీల్చుదురు. పోయువాడు ఒక్కడే; బుఱ్ఱయు, గొట్టమును కూడ ఒక్కటే. మొదటి చేదు బుఱ్ఱను పోయువాడే త్రాగి, తరువాత వరుసగా అందరికిని అందించును. ఎంగిలి అను మాటయే వారికి తట్టదు. మనవారు చూచిన ముక్కున వేలు వేసికొందురు. బుఱ్ఱ తిరిగి యిచ్చునప్పుడు 'కృతజ్ఞుడను' అన్నచో ఇక వద్దని అర్థము. మర్యాదకై అనిన అతిథికి మరల బుఱ్ఱ రాదు.

1924లో పెరూ పోవుచు మార్గమధ్యమున జబ్బుపడి రవీంద్రనాథుడు విశ్రమించినది ఈ దేశముననే. విక్టోరియా ఒకాంపో అను విదుషీమణి ఆయనకు నదిని చూచు ఇంట ఆతిథ్యమిచ్చినది. ఆయన ఆమెను విజయ యని పిలిచి, 'పూరబి' కావ్యమును ఆ పేరుకే అంకితమిచ్చినాడు.

ఇక ఇటీవలి చరిత్ర. 1976 మార్చి 24న సైన్యము అధికారము చేజిక్కించుకొన్నది. రాత్రులందు వచ్చి యువతీయువకులను ఎత్తుకొనిపోయినారు. వారి జాడ లేదు. సుమారు తొమ్మిది వేలమంది వివరములను 1984లో ప్రభుత్వ విచారణ సంఘము నమోదు చేసినది. మానవహక్కుల సంఘములు ముప్పదివేల మందియని చెప్పుదురు. 1977 ఏప్రిలు 30న కొందరు తల్లులు అధ్యక్షభవనమున కెదురుగా నున్న మే మైదానమున చేరి, బిడ్డలెక్కడని అడిగినారు. గుంపుగా నిలువరాదు, కదలుడని పోలీసులు గద్దించినారు. సరే యని వారు ఇద్దరిద్దరుగా నడువసాగినారు. తలలకు కట్టుకొన్న తెల్లగుడ్డలు మొదట పసిపిల్లలకు కట్టెడి పొత్తిగుడ్డలే. ఆ సంవత్సరాంతమున ఆ తల్లులలో కొందరిని కూడ ఎత్తుకొనిపోయి చంపినారు. మిగిలినవారు నడక మానలేదు.

1983లో ప్రజాప్రభుత్వము తిరిగి వచ్చినది. 1985లో సేనానులను న్యాయస్థానమున నిలిపినారు. చెరలో పుట్టి పరుల ఇండ్లలో పెరిగిన మనుమలను అమ్మమ్మలును, నాయనమ్మలును వెదకుచునే యున్నారు. రక్తపరీక్షల సాయమున ఇంతవరకు నూట ముప్పదిమందికి పైగా దొరకినారు. ఇనకాయల్ ఎముకలు ఇల్లు చేరిన 1994లోనే రాజ్యాంగమును సవరించి, ఆదివాసులు ఈ రాజ్యమునకు ముందే ఉన్న ప్రజలని అందులో వ్రాసినారు. ఐరోపా వలసను ప్రోత్సహించుమను 1853 నాటి వాక్యమును మాత్రము తీసివేయలేదు. రెండును ఒకే పుస్తకమున నున్నవి.