పాత హైబ్రిడ్ కారు మొరాయిస్తోందా?

అమెరికాలో ఉంటూ పాత ప్రియస్ కారు కొనుక్కున్నారా? 2004 నుంచి 2009 దాకా వచ్చిన మోడలైతే ఇది మీకోసమే. పిల్లల్ని స్కూల్లో దింపుదామని బటన్ నొక్కితే 'రెడీ' వెలగదు, ఎర్ర త్రికోణం వెలుగుతుంది. "పెద్ద బ్యాటరీ పోయిందండీ" అంటాడు మెకానిక్. కంగారు పడకండి!

ముందు డిక్కీలో కుడిపక్కనుండే 12 వోల్టుల చిన్న బ్యాటరీని పరీక్ష చేయించండి. అది నీరసించినా చిత్రవిచిత్రమైన లైట్లు వెలుగుతాయి. ఊరెళ్ళి కొన్ని వారాలు కారు కదపకపోతే తరచూ జరిగేదిదే.

వెనకసీటు కుడిపక్కన చిన్న జాలీ ఉంది చూశారా? పెద్ద బ్యాటరీని చల్లబరిచే గాలి అందులోంచే వెళ్తుంది. ఫ్రిజ్ వెనక పట్టినట్టే ఇక్కడా దుమ్ము పడుతుంది. ఇంట్లో కుక్కపిల్ల ఉంటే ఇక చెప్పక్కర్లేదు! ఎండాకాలం ఫ్యాన్ హోరుమంటుంటే అనుమానించండి. వాక్యూమ్ క్లీనర్‌తో శుభ్రం చేయండి. స్వెట్టర్లు, సంచులు దానికి అడ్డం పెట్టకండి. లోపలి ఫ్యాన్ సంగతి మాత్రం మెకానిక్‌కే వదిలేయండి.

తెరమీద చార్జి గీతలు గబగబా పెరిగి తరుగుతుంటే పెద్ద బ్యాటరీనే అనుమానించాలి. అందులోని 28 మాడ్యూళ్ళను కారు 14 జతలుగా కొలుస్తుంది. ఏ జత బలహీనపడిందో స్కానర్‌లో చూపించమనండి. చూశాకే డబ్బు మాట!

నారింజరంగు వైర్లలో 200 వోల్టులకు పైనే ఉంటుంది. మీరు సరే, మీవారిని కూడా ముట్టుకోనివ్వకండి.