రాతి మీద పేరు

ఢిల్లీకి వెళ్ళిన యాత్రికుడు ఇండియా గేట్‌ను చూడకుండా తిరిగిరాడు. సాయంవేళ ఆ పరిసరాల పచ్చిక బయళ్ళు జనంతో కళకళలాడుతూ ఉంటాయి. కాని ఆ మహాద్వారం గోడల మీద చెక్కిన పేర్లు ఎవరివని ఆలోచించేవారు అరుదు.

1921 ఫిబ్రవరి 10న డ్యూక్ ఆఫ్ కన్నాట్ దీనికి శంకుస్థాపన చేశాడు. ఎడ్విన్ లుట్యెన్స్ రూపకల్పన చేసిన ఈ 42 మీటర్ల కట్టడాన్ని 1931 ఫిబ్రవరి 12న వైస్రాయి ఇర్విన్ ప్రభువు ఆవిష్కరించాడు. 1914-1921 సంవత్సరాల మధ్య అసువులు బాసిన సుమారు 70,000 మంది అవిభక్త భారత సైనికులకు ఇది స్మారకం.

అయితే గోడల మీద కనిపించే పేర్లు 13,000కు పైచిలుకు మాత్రమే. వాయవ్య సరిహద్దులోను, 1919 నాటి మూడవ ఆఫ్ఘన్ యుద్ధంలోను నేలకొరిగి, గుర్తు తెలిసిన సమాధి అయినా దక్కనివారి పేర్లవి. తక్కినవారిలో అత్యధికుల స్మృతిచిహ్నాలు సముద్రాల కావల ఉన్నాయి. ఫ్రాన్సులోని నవ్ షాపెల్ వద్ద 1927లో ఆవిష్కృతమైన స్మారకం మీద 4,700 మందికి పైగా భారతీయుల పేర్లు ఉన్నాయి.

ఇరాక్‌లోని బస్రా స్మారకం కథ వేరు. అక్కడ అధికారుల పేర్లను చెక్కారు; సామాన్య భారతీయ సిపాయిలను మాత్రం ఫలానా పటాలం, ఇంతమంది అని అంకెలతో సరిపెట్టారు. హోదా, జాతి, మతం అనే భేదం లేకుండా మృతులందరినీ సమానంగా గౌరవించడం 1917లో ఏర్పడిన యుద్ధ సమాధుల సంస్థ ఆదర్శం. ఆ ఆదర్శానికి ఐరోపా వెలుపల తరచు భంగం కలిగిందని ఆ సంస్థే 2021లో తన నివేదికలో అంగీకరించి, క్షమాపణ చెప్పుకొంది.

బంగ్లాదేశ్ విమోచనకు దారితీసిన 1971 యుద్ధం తరువాత, 1972 జనవరి 26న ఇందిరాగాంధీ ఇండియా గేట్ కింద అమర్ జవాన్ జ్యోతిని ఆవిష్కరించారు. తలకిందులుగా నిలిపిన తుపాకి, దాని మీద శిరస్త్రాణం: పేరు లేని సైనికుడికి అదే ప్రతిరూపం. యాభై ఏళ్ళు అక్కడ వెలిగిన ఆ జ్యోతిని 2022 జనవరి 21న సమీపంలోని జాతీయ యుద్ధ స్మారకంలోని జ్యోతితో కలిపారు.

2019 ఫిబ్రవరి 25న ఆవిష్కృతమైన ఈ కొత్త స్మారకంలో, స్వతంత్ర భారత సైన్యాలలో ప్రాణాలర్పించిన 25,000 మందికి పైగా వీరుల పేర్లు గ్రానైట్ పలకల మీద చెక్కి ఉన్నాయి. ఒక్కొక్క వీరుడికి ఒక్కొక్క పలక. సేనానికైనా సిపాయికైనా స్థానం ఒకటే.

ఊరి పశువుల మందను కాపాడబోయి నేలకూలిన సామాన్యుడికి సైతం వీరగల్లు నిలిపిన సంప్రదాయం దక్షిణాది పల్లెలది. కొడుకు కడచూపునకైనా నోచుకోని తల్లికి మిగిలేది ఆ పేరే. వేలమంది మరణించారన్న లెక్క చరిత్రకు చాలవచ్చు, ఆమెకు చాలదు. ఇన్ని పేర్ల నడుమ తన బిడ్డ పేరును వ్రేలితో తడిమి చూసుకునే హక్కు ఆమెది.