గుర్రం తెర మీద, గాడిద తెర వెనక

ఫిల్మ్‌నగర్‌లో రాజుల కథ తీస్తున్నారంటే గుర్రం రావాల్సిందే. వ్యానులో ఎక్కించి తెస్తారు. వీపు మీద జరీ గుడ్డ, మెడలో పూసలు. హీరో ఎక్కుతాడు, దిగుతాడు. పొద్దుగూకే దాకా ఎండలో కళ్లెం పట్టుకుని నిలబడ్డ సాయిసు మాత్రం తెర మీద కనిపించడు. ఆ గుర్రాన్ని చూసి, యంత్రాలు రాక ముందు మన దేశం గుర్రాల మీదే నడిచిందనుకుంటే పొరపాటే.

మన పల్లెల్లో గుర్రం దున్నలేదు. దొరలు, దేశ్‌ముఖులు ఎక్కి తిరగడానికి ఉండేది. పట్నాల్లో జట్కాకు, టాంగాకు కట్టేవాళ్లు. ఐరోపా రైతు గుర్రం చేత నాగలి లాగించాడు గానీ మన రైతుకు ఎద్దే దిక్కు. మూపురం ఉన్న ఎద్దు మెడ మీద కర్ర కాడి వేస్తే చాలు. గుర్రానికి వేరే పట్టెడ, తోలు సామాను కావాలి. ఎద్దు చొప్ప, వరిగడ్డి నెమరేసుకుంటూ పని చేస్తుంది. గుర్రానికి రోజూ ఉలవల దాణా పెట్టాలి. ఇంటిల్లిపాదీ ఉలవ గుగ్గిళ్లతో పూట గడుపుకునే చోట గుర్రానికి ఉలవలెక్కడివి?

జూబ్లీహిల్స్ అంచునే కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానవనం ఉంది. 1998లో ఉద్యానవనంగా ప్రకటించక ముందు అది నిజాం వారసుడి చిరాన్ ప్యాలెస్ ఆవరణ. అందులో గుర్రాలకు శాల, ఏనుగులకు శాల, పశువులకు కొట్టాలు, వాటితో పాటు మోటారు ఖానా. అక్కడ గుర్రం స్థానంలో మోటారు వస్తే యజమాని కంచంలో ఒక్క మెతుకూ తగ్గలేదు. మరి జంతువునే నమ్ముకుని బతికినవాడి సంగతేమిటి?

పక్కనున్న బంజారాహిల్స్‌ పేరే సాక్ష్యం. బంజారాలు, అంటే మన లంబాడాలు, వందలకొద్దీ పెరిక ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దక్కను అంతటా తిరిగారు. మొగలు సైన్యాలకు తిండిగింజలు మోసింది వాళ్ల ఎద్దులే. బండి బాట లేని చోట కూడా ఆ ఎద్దు నడిచేది. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు రైలొచ్చింది. రైలు, రోడ్డు వచ్చిన చోటల్లా పెరిక ఎద్దు బేరం పడిపోయింది. బతుకు తెరువు పోయిన జనానికి తెల్లదొరలు చూపించిన దారి ఏమిటి? 1871 నాటి నేరస్థ జాతుల చట్టం! చాలా చోట్ల లంబాడాలను కూడా ఆ జాబితాలో రాశారు. సరుకు మోసినన్నాళ్లు వర్తకుడు, మోయడం మానగానే దొంగ!

ఇక వడ్డెరల మాట. ఈ కొండలన్నీ నల్లరాతి గుండ్లు. 1976లో అన్నపూర్ణ స్టూడియో, ఆ తర్వాత పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు, చుట్టూ బంగళాలు లేచాయంటే ముందు ఎవరో బండ కొట్టి ఉండాలి కదా! మంట పెట్టి బండను కాచడం, పొర లేపడం, ఉలితో గాడి తీసి సమ్మెటతో చీల్చడం వడ్డెరల తరతరాల విద్య. తవ్విన మట్టి మోసింది వాళ్ల గాడిదలు. కంప్రెసరు, టిప్పరు, పొక్లెయిను వచ్చాక గాడిదతో పాటు మనిషీ పక్కకు పోయాడు. మాదాపూర్ వైపు వడ్డెర బస్తీ అనే పేరు మాత్రం మిగిలింది.

దేశమంతటా ఇదే తంతు. 2012 నుంచి 2019 పశుగణన నాటికి గాడిదలు సుమారు 3.2 లక్షల నుంచి 1.2 లక్షలకు పడిపోయాయి. గుర్రాలు, పొట్టిగుర్రాలు 6.3 లక్షల నుంచి 3.4 లక్షలకు, కంచర గాడిదలు సుమారు 2 లక్షల నుంచి 84 వేలకు తగ్గాయి. జంతువులు తగ్గిన లెక్క ఉంది. వాటి వెనక నడిచిన మనుషులు ఏమయ్యారన్న లెక్క ఏ పశుగణనలోనూ ఉండదు.

అంటే యంత్రం వద్దంటామా? అనం. మోట కొట్టిన రైతును అడగండి. తెల్లారగట్ల నుంచి ఎద్దుల వెంట దిగుడు బాటలో వెనక్కీ ముందుకీ నడిస్తే గానీ మడి తడిసేది కాదు. కరెంటు మోటారు ఆ చాకిరీ తప్పించింది. ఆ రోజులు మళ్లీ రావాలని ఎవరూ కోరరు. కానీ ఎద్దు రైతు సొంత గడ్డే తిని, పేడ తిరిగి పొలానికే ఇచ్చేది. ట్రాక్టరు గంటకింత అని నగదు అడుగుతుంది. రెండెకరాల రైతు ఆ నగదు కోసం వడ్డీ వ్యాపారి గడప తొక్కుతున్నాడు. తప్పు యంత్రానిది కాదు, అది ఎవరి చేతిలో ఉందన్నదే అసలు ప్రశ్న.

అందుకే పేద రైతుకు అందే అద్దెతో ఊరూరా సహకార యంత్ర కేంద్రాలుండాలి. బండ కొట్టే విద్య ఉన్న వడ్డెరల సహకార సంఘాలకే క్వారీ లీజులు, యంత్రాలకు అప్పులు ఇవ్వాలి.

సినిమాలో గుర్రాన్ని వాడాలంటే 2001 నిబంధనల ప్రకారం జంతు సంక్షేమ మండలి అనుమతి తీసుకోవాలి. మంచిదే, మూగజీవానికి ఆ పాటి రక్షణ ఉండాల్సిందే. మరి కళ్లెం పట్టుకుని ఎండలో నిలబడ్డ సాయిసుకో?