ఫీజు పెంచొద్దు, కంట్రాక్టు వద్దు

దక్షిణాఫ్రికా దేశంలో చాలాకాలం తెల్లవాళ్లదే పెత్తనం. నల్లవాళ్ల పిల్లలకు మంచి చదువు అందనిచ్చేవారు కాదు. 1994లో ఆ పాలన పోయింది. అందరికీ ఓటు వచ్చింది. యూనివర్సిటీ తలుపులు తెరుచుకున్నాయి. కానీ ఫీజు అడ్డం నిలిచింది.

యూనివర్సిటీ అంటే పెద్ద చదువుల బడి. అది నడవడానికి సర్కారు డబ్బు ఇస్తుంది. పిల్లలు ఫీజు కడతారు. సర్కారు వాటా తగ్గితే ఆ బరువు ఫీజు మీద పడుతుంది. దక్షిణాఫ్రికాలో అదే జరిగింది.

2015లో జొహన్నెస్‌బర్గ్ నగరంలోని విట్స్ యూనివర్సిటీ ఫీజు పెంచుతామంది. నూటికి పదిన్నర పెంపు. అంటే వెయ్యి కట్టేవాళ్లు 1,105 కట్టాలి. పేదింటి పిల్లలు ఎక్కడి నుంచి తెస్తారు? అక్టోబరు 14న విద్యార్థులు గేట్లకు అడ్డంగా నిలిచారు. ముందు నడిచిన వారిలో షయీరా కల్లా అనే ఆడపిల్ల ఉంది. వారం తిరిగేసరికి దేశంలోని చాలా యూనివర్సిటీల్లో పిల్లలు బయటికి వచ్చారు.

విద్యార్థులు ఇంకో మాట కూడా అడిగారు. అది తమ గదులు ఊడ్చే ఆడవాళ్ల గురించి. వాళ్లు ఒకప్పుడు యూనివర్సిటీ సొంత పనివాళ్లు. పిల్లల ఫీజులో రాయితీ ఉండేది. తర్వాత ఆ పని కంట్రాక్టరుకు ఇచ్చారు. పని అదే, చీపురు అదే. జీతం తగ్గింది. రాయితీ పోయింది. ఆ తల్లి ఊడ్చే గదిలో ఆమె బిడ్డ కూర్చోలేని పరిస్థితి వచ్చింది. అందుకే "కంట్రాక్టు వద్దు" అని విద్యార్థులూ పనివాళ్లూ కలిసి అడిగారు.

అక్టోబరు 21న విద్యార్థులు కేప్‌టౌన్‌లో పార్లమెంటు దగ్గరికి వెళ్లారు. పోలీసులు తరిమికొట్టారు. 23న ప్రిటోరియాలో సర్కారు ఆఫీసు ముందు వేలమంది చేరారు. 2016లో ఫీజు పెంచేది లేదని దేశాధ్యక్షుడు ఆ రోజే ప్రకటించాడు. కంట్రాక్టు పనివాళ్లను తిరిగి తీసుకోవడానికి కేప్‌టౌన్, విట్స్ యూనివర్సిటీలు ఒప్పుకున్నాయి.

అంతా సాఫీగా జరగలేదు. 2016లో మళ్లీ గొడవలు రేగాయి. కొన్నిచోట్ల భవనాలు తగలబడ్డాయి. చాలామంది అరెస్టయ్యారు. 2017 డిసెంబరులో సర్కారు ఇంకో మాట ఇచ్చింది. ఏడాదికి మూడున్నర లక్షల రాండ్ల లోపు ఆదాయం ఉన్న ఇళ్ల పిల్లలకు ఉచిత చదువు అంది. రాండ్ ఆ దేశపు డబ్బు. 2018 నుంచి అది మొదలైంది.

తల్లి కూలికీ బిడ్డ చదువుకూ లంకె ఉంది. ఆ పిల్లలు ఆ లంకెను గుర్తించారు.

మాట్లాడుకోండి:
1. సర్కారు వాటా తగ్గితే ఫీజు ఎందుకు పెరుగుతుంది?
2. కంట్రాక్టు వల్ల ఊడ్చే ఆడవాళ్లు ఏమేమి పోగొట్టుకున్నారు?
3. మీ ఊరి బడిని ఊడ్చేది ఎవరు? ఆమెకు జీతం ఎవరిస్తారు?