కోసిన పండు నిలవాలంటే

వరికోతలూ మిరపకోతలూ అయిపోయి ఎండలు ముదిరేసరికి చేలో పనులుండవు. కూలి దొరకని ఆడవాళ్ళు కొందరు దగ్గరి పట్నాలకి పోయి, బస్టాండుల ముందు పుచ్చకాయ, బొప్పాయి ముక్కలు అమ్ముకుంటారు. అమ్ముడుపోనివి సాయంత్రానికి నీరుకారి, పులిసి, మురుక్కాల్వ పాలవుతాయి. పొద్దుటినించీ పడ్డ కష్టమంతా అందులో పోయినట్లే. పోనీ అవే అమ్మితే తిన్నవాళ్ళకి వాంతులూ విరోచనాలూ. ఆ తినేదీ మనలాంటి బీదాబిక్కీయే.

కోసిన పండు ఎందుకు చెడుతుంది? తొక్క పండుకి కోటగోడ. కత్తి పడగానే రసం బయటికొస్తుంది, గాలి తగులుతుంది, సూక్ష్మజీవులు చేరతాయి. జామ, యాపిల్ ముక్కలు నల్లబడేది గాలి తగిలే. నిమ్మరసం చిలకరిస్తే ఆ నలుపు తగ్గుతుంది. మన ఇళ్ళల్లో వంకాయ ముక్కలు ఉప్పునీళ్ళలో వేసేదీ అందుకే. అయితే రంగు బాగున్నంత మాత్రాన పండు మంచిదని కాదు. రోగం తెచ్చే క్రిమి కంటికి కనపడదు. పులుపు లేని పుచ్చ, కర్బూజా, బొప్పాయిల్లో అది త్వరగా పెరుగుతుంది. 2011లో అమెరికాలో కర్బూజాల ద్వారా లిస్టీరియా అనే క్రిమి సోకి 33 మంది చనిపోయారు.

మన చేతిలో ఉన్న పనులు కొన్ని. కాయని కొయ్యకముందే కడగాలి. లేకపోతే తొక్క మీది మట్టి కత్తితోబాటు లోపలికి పోతుంది. చేతులు సబ్బుతో కడుక్కోవాలి. కత్తి పదునుగా ఉండాలి. మొద్దుకత్తి కండని నలిపి నీరు కారుస్తుంది. అంతా ఒకేసారి కొయ్యకుండా బేరాన్నిబట్టి కోసి, మూత పెట్టాలి. ముక్కల మీద ఐసు వెయ్యకుండా, గిన్నెనే ఐసులో పెట్టాలి. తినడానికి పనికిరాని ఐసుకి నీలిరంగు కలపాలని 2018లో ప్రభుత్వ ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది. 5 డిగ్రీల లోపు చల్లదనంలో ముక్క నిలుస్తుంది. బయటైతే 2 గంటలు, 32 డిగ్రీలు దాటిన ఎండలో గంటే.

మరి ఆ చల్లదనం ఎక్కణ్ణించి వస్తుంది? మంచినీళ్ళెవరిస్తారు? శుభ్రత లేదని బండి ఎత్తుకుపోయే అధికారులు పక్కనే ఒక కుళాయి ఎందుకు వెయ్యరు? 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ కమిటీల్లో 40 శాతానికి తక్కువ కాకుండా వ్యాపారుల ప్రతినిధులుండాలి. వాళ్ళలో మూడోవంతు ఆడవాళ్ళు కావాలి. ఆ కుర్చీల్లో మన అక్కచెల్లెళ్ళు కూర్చోవాలి. కుళాయీ, నీడా, మంచి ఐసూ గట్టిగా అడగాలి. కత్తి శుభ్రంగా ఉంచడం మన బాధ్యత. నీళ్ళివ్వడం సర్కారు బాధ్యత.